నానీ పుట్టి ఎక్కిన రోజు

మా తాతతో కలిసి చేపలు పట్టిన సాయప్ప పోయాడన్న కబురు నాకు అందేసరికే మూడు రోజులు గడిచిపోయాయి. తాండూరులో షేర్ ఆటో ఎక్కి కాగ్నా నది ఒడ్డున ఉన్న మా అమ్మమ్మ ఊరికి చేరేసరికి ఇంటి ముందు వేసిన టెంటు కూడా విప్పేశారు. ఆయన కోడలు లక్ష్మి నన్నెవరో ఆఫీసు మనిషి అనుకొని కుర్చీ తెచ్చి వేసింది. "నేను హుసేన్‌బీ మనవరాలిని, షాహీన్‌ని" అన్నాను. చావు జరిగిన ఇంట్లో అలా అవుతుందని ఎవరూ అనుకోరు గానీ, ఆమె ముఖం ఒక్కసారిగా విప్పారింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం మొదలుపెట్టింది. "అయ్యో! పుట్టిల ఉన్న పిల్లవు నువ్వేనా అమ్మా? మా మామ ఆ ముచ్చట చెప్పని రోజు లేదు. చేప దూడంత ఉండెనంట గదా? మీ నానీ దాని మీదెక్కి కూసుందంట గదా?" అంటూ లోపలివాళ్ళనూ పిలిచింది. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్పారు. ఒకరి లెక్కన ఆ చేప మా పుట్టిని కర్ణాటక దాకా లాక్కుపోయింది. ఇంకొకరి లెక్కన నేను నీళ్ళలో పడితే సాయప్ప నన్ను జుట్టు పట్టి పైకి లాగాడు. చాయ్ తాగుతూ కాదు కాదని చెప్పాను. ఎవరూ వినలేదు. ఆ పుట్టిలో ఉన్న ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాసిపెట్టాలని ఆటోలో తిరిగి వస్తూ అనుకున్నాను.

నానీ అంటే మా అమ్మమ్మ. ఇంట్లో మేం మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. ఊరివాళ్ళతో తెలుగు. ఏ మాట ఏ భాషలో అన్నదో ఇన్నేళ్ళ తర్వాత నాకే సరిగా గుర్తులేదు గనుక అన్నీ తెలుగులోనే రాస్తున్నాను. మా తాత ఖాసిం సాబు, మాకు నానా, బండల గనిలో రాళ్ళు కోసేవాడు. వారానికి ఆరు రోజులు గని, శుక్రవారం ఒక్కరోజు నది. జుమ్మా నమాజు కాగానే బట్టలు మార్చుకొని, గాలాల డబ్బా ఒక చేత్తో, కప్పలున్న ముంత ఒక చేత్తో పట్టుకొని, సాయప్పతో కలిసి పుట్టి ఎక్కేవాడు. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లి, అడుగున తారు పూసిన గుడ్డ బిగించిన గుండ్రటి పడవ. పెద్ద గంపలా ఉంటుంది. వాళ్ళిద్దరూ కలిసి అల్లుకున్నదే. కప్పలు కొర్రమట్ట చేపకు ఎర. ఆ ముంత మీద తడిగుడ్డ కట్టి వంటింటి మూలన పెట్టేవాడు. ఆ గుడ్డ ఎప్పుడూ సరిగ్గా నానీ నమాజు చాప మీద వంగినప్పుడే ఊడేది. నానీ సజ్దాలో నుదురు నేలకు ఆనిస్తుంటే పక్కనుంచి ఒక కప్ప గెంతుకుంటూ పోవడం, ఆమె కళ్ళు తిప్పకుండా నమాజు పూర్తి చేసి, ఆ తర్వాత ఇల్లెగిరిపోయేలా అరవడం నా చిన్నతనంలో ప్రతి శుక్రవారం తప్పని తంతు.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. తాండూరు బండలు పరిచిన నేల మీద నీళ్ళు చల్లితే లేచే చల్లటి రాతి వాసన, మూలన తారు డబ్బా, దండెం మీద ఆరీ ఆరని నానా లుంగీ నుంచి నది బురద, పొయ్యి మీద నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి వేగుతున్న కమ్మదనం. సాయంత్రం నానా తిరిగివచ్చేవాడు. గుమ్మంలో అడుగు పెట్టేముందే ఒక పెద్ద నిట్టూర్పు వినిపించేది. "హాయ్ అల్లా, ఎంత కష్టం! నది మీద పని మనుషులు చేసేది కాదు" అంటూ చేపను నానీ ముందు పెట్టి, గోడకు జారగిలబడి కళ్ళు మూసుకునేవాడు. మాట తక్కువ మనిషి. నవ్వగా నేను చూసింది లేదు. నానీ చేప సంగతి పక్కనపెట్టి ముందు నువ్వుల నూనె వేడిచేసి ఆయన భుజాలకు మర్దన చేసేది. "ఎందుకొచ్చిన తిప్పలు, మానేయరాదా" అనేది. "పిల్లలు తినాలి కదా" అనేవాడాయన, కళ్ళు తెరవకుండానే. చిక్కుపడ్డ గాలం దారాలు విప్పడం, కొత్త ముల్లు కట్టడం, చేప కోయడం, తోమడం అన్నీ నానీ పనులే. నలభై ఏళ్ళు అలా జరిగింది. ఆ నలభై ఏళ్ళలో ఆమె ఒక్కసారి కూడా ఆ పుట్టి ఎక్కలేదు. ఎక్కుతావా అని ఆయనా అడగలేదు.

ఎండాకాలంలో నానా పోయాడు. గనినుంచి వచ్చి, మంచినీళ్ళు అడిగి, నానీ గ్లాసు తెచ్చేలోపే పోయాడు. భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకుండా ఉండాలి. దాన్ని ఇద్దత్ అంటారు. ఆమెకు తోడుగా ఉండమని అమ్మ నన్ను తాండూరునుంచి పంపింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఇంటర్ అయిపోయి, డిగ్రీలో చేరాలా వద్దా అని ఇంట్లో వాదన నడుస్తున్న కాలం. నానీ చల్లటి బండల మీద కూర్చొని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకుంటూ ఉండేది. ఏడవలేదు. ఏడిస్తే మాకు బాగుండేది. సగం రొట్టె తినేది, ఒక్కోరోజు అదీ లేదు. జాకెట్లు వదులై భుజాలనుంచి జారేవి. మా మేనమామ గౌస్ మామూ బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పనికి పోతూ రోజూ గుమ్మంలో నన్ను ఆపి, "తిన్నదా?" అని గొంతు తగ్గించి అడిగేవాడు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఈమె కూడా నానా వెనకే వెళ్ళిపోతుందని మా ఇద్దరికీ భయంగా ఉండేది. ఆ మాట మాత్రం ఇద్దరం పైకి అనుకోలేదు.

గడువు ముగిసిన మర్నాడు ఉదయం మామూ చాయ్ తాగుతుంటే నానీ తస్బీ పక్కన పెట్టింది. "ఇయ్యాల పుట్టి ఎక్కుత" అన్నది. మామూ చేతిలో చాయ్ ఒలికింది.

"పుట్టా? ఎందుకమ్మా?"

"మీ అబ్బా నలభై ఏండ్లు మనకోసం నది మీద ఎంత కష్టపడ్డడో ఒక్కసారి నా కండ్లతోటి చూస్త. చూడకపోతే నాకు మనసున పట్టదు."

"బయట గాలి చూసినవా? కంది చేను మొత్తం పండుకుంటున్నది. ఈ వయసుల నీకు పుట్టి ఏంది? నలుగురు ఏమంటరు? వద్దంటే వద్దు" అని మామూ సైకిల్ తీసుకొని పనికి పోయాడు. సైకిల్ గంట వినబడనంత దూరం పోయిందాకా నానీ కదలకుండా కూర్చుంది. తర్వాత లేచి పాత చీర కట్టుకుంది. గూట్లోనుంచి గాలాల డబ్బా తీసింది. "షాహీన్, ముంత పట్టు. కాలువ కాడ కప్పలు దొరుకుతయి" అన్నది. ఆమెతో వాదించాలని నాకు అనిపించలేదు. నాలుగు నెలల్లో ఆమె ఇది కావాలని అడిగిన మొదటి సంగతి అది.

వానలు తగ్గి, చలి ఇంకా రాని రోజులవి. కాగ్నా నిండుగా ఉంది. తూర్పునుంచి గాలి దబదబా కొడుతూ నీళ్ళ మీద చిన్న చిన్న మడతలు లేపుతోంది. ఒడ్డున బోర్లించిన పుట్టి పక్కన కూర్చున్న సాయప్ప మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. నానా కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు, బక్కపలచటి మనిషి. సంగతి విని తల గోక్కున్నాడు. "గాలి మస్తున్నది బీబమ్మా. జర ఆగి రేపు పోదమా?"

"మీ సాబు గాలి ఉన్ననాడు ఇంట్ల కూసున్నడా?"

"లేదమ్మా. గాలి ఉన్ననాడే ఇంక హుషారుగ..." అని సాయప్ప నాలుక కరుచుకున్నాడు. నానీ అతనికేసి ఒక చూపు చూసి పుట్టివైపు నడిచింది.

పుట్టిలో ఎక్కడమే ఒక పెద్ద పని. ఇటు కాలు పెడితే అటు లేస్తుంది. సాయప్ప మోకాలి లోతు నీళ్ళలో నిలబడి అంచు పట్టుకుంటే, నేను నానీని వెనకనుంచి తోశాను. ఇద్దరం కలిసి మూటల్లా లోపల పడ్డాం. సాయప్ప తెడ్డు వేశాడు. ఒడ్డు పక్క నీళ్ళు నెమ్మదిగానే ఉన్నాయి. నడిమికి రాగానే గాలి పట్టుకుంది. పుట్టికి ముందూ వెనకా ఉండదు గదా, అది ఇసుర్రాయిలా తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు పోయి ఎదుటి ఒడ్డు, అది పోయి ఆకాశం, మళ్ళీ మా ఊరి గుట్ట, మళ్ళీ సాయప్ప మొహం. నానీ నా చేతిని గట్టిగా పట్టుకొని తల వంచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోంది, ఇన్నాళ్ళకు ఏడుస్తోంది అనుకున్నాను. కొంగు తొలగించి చూస్తే నవ్వుతోంది! శబ్దం లేకుండా, కళ్ళు గట్టిగా మూసుకొని, ఉన్న నాలుగు పళ్ళూ బయటపెట్టి. ఆ తర్వాత శబ్దం కూడా వచ్చింది. చిన్నపిల్లలను ఉయ్యాల బాగా ఎత్తుకు ఊపితే వస్తుందే, ఆ కేక. "ఇంకోసారి తిప్పు సాయప్పా!" అన్నది. "నేను తిప్పుతలేనమ్మా, గాలి తిప్పుతున్నది" అన్నాడతను బెదిరిపోయి. ఆ మాటకు నేను కూడా ఆగలేకపోయాను. ఇద్దరం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం.

కాస్త ఊపిరి తీసుకొని నానీ సాయప్పవైపు తిరిగింది. "నిజం చెప్పు. మీ సాబు గీడ ఏం చేస్తుండె?"

"చేపలు పడుతుండె."

"నిజం చెప్పమన్న."

సాయప్ప తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. "పాటలు పాడుతుండె అమ్మా. మస్తు పాడుతుండె. గిట్ల గాలి కొట్టి పుట్టి తిరిగిననాడైతే చప్పట్లు కొట్టుకుంట నవ్వుతుండె. చేప పడ్డా పడకున్నా ఫికర్ లేదు. ఇంటి తొవ్వ పట్టేముందు మాత్రం మొహం కడుక్కొని, 'సాయప్పా, అలిసిపోయినట్టు కనబడుతున్ననా?' అని అడుగుతుండె."

నానీ రెండు అరచేతులూ ఎత్తి అతనికి చూపింది. "నలభై ఏండ్లు నూనె రాసిన!" అన్నది. "గీ చేతులతోటి! వారం వారం! ముసలోడు నన్ను నలభై ఏండ్లు మోసం చేసిండు!" కోపంగా అందామని మొదలుపెట్టి మధ్యలోనే మళ్ళీ నవ్వులో పడిపోయింది. నవ్వి నవ్వి, చివర గొంతు మారింది. "గింత సంతోషం ఉంటే నన్నెందుకు ఒక్కసారన్నా తీస్కరాలె?"

సాయప్ప నీళ్ళవైపు చూస్తూ చెప్పాడు. "నేను అడిగిన బీబమ్మా. నీకు నీళ్ళంటే భయమన్నడు. మీ లగ్గమైన నాడు గీ కాగ్నా దాటిస్తుంటే పుట్టిల పొడుగూత ఏడ్చినవంట. ఆమెను మళ్ళ ఏడిపియ్య అని చెప్పిండు."

పుట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. నానీ చేతివేళ్ళు నీళ్ళలో పెట్టింది. "నేను మా అమ్మను ఇడిసి వస్తున్ననని ఏడ్చిన" అన్నది మెల్లగా. "నీళ్ళు నాకు ఇష్టమే ఉండె. అడిగితే చెప్తుంటి." అప్పుడు ఏడ్చింది. ఎక్కువసేపు కాదు. కొంగుతో మొహం తుడుచుకొని, ముక్కు చీది, ముంతలోకి చేయి పెట్టి కప్పను తీసి గాలానికి గుచ్చింది. "పోనియ్యి. తుంగ పక్కకు పోనియ్యి. ఆయన తెచ్చిన చేపల కడుపుల ఎప్పుడు సూసినా తుంగ పీసులే ఉంటుండె."

నలభై ఏళ్ళు చేపల కడుపులు కోసిన మనిషికి ఆ నది లోపలినుంచి తెలుసు. తుంగ గుబురు పక్కన కప్పను నీళ్ళ మీద విసిరి, దారాన్ని రెండు వేళ్ళతో చిన్నగా కదిలించింది. కప్ప టపటపా గెంతింది. మూడోసారి విసిరినప్పుడు నీళ్ళు బుడుంగున పగిలి నల్లటి తల ఒకటి లేచింది. దారం ఆమె చేతిలో సర్రున జారింది. "పడ్డది! పడ్డది!" అని ముగ్గురం ఒకేసారి లేచాం. పుట్టిలో చెయ్యకూడని పని అదొక్కటే. సాయప్ప నా మీద, నేను నానీ మీద పడ్డాం, తెడ్డు నీళ్ళలో పడింది. తెడ్డు హాయిగా తేలుకుంటూ పోయింది. సరిగ్గా అప్పుడే గాలి మళ్ళీ లేచింది. పుట్టి తిరుగుతుంటే, చేప ఒక దిక్కుకు గుంజుతుంటే, ఆ దారం మా ముగ్గురి చుట్టూ చుట్టుకోసాగింది. సాయప్ప మెడ చుట్టూ ఒకటి, నా రెక్కల చుట్టూ రెండు. "విడువు నానీ!" అని నేను, "విడువకు బీబమ్మా!" అని సాయప్ప. ఆమె ఎవరి మాటా వినలేదు. దారాన్ని కొంగులో చుట్టి పట్టుకొని కొంచెం కొంచెంగా గుంజింది. చేప అంచు దాటి లోపల పడి, తోకతో నా చెంప మీద ఒక్కటిచ్చింది. నానీ దాని మీద బోర్లా పడుకుంది. లక్ష్మివాళ్ళు చెప్పినట్టు ఎక్కి కూర్చోలేదు, పడుకుంది. దూడంత కూడా లేదు. నా చేయి భుజంనుంచి వేళ్ళ దాకా ఎంతో అంత. కొర్రమట్టకు అదే చాలా ఎక్కువ.

అప్పుడు చూసుకుంటే మేము కత్వవైపు పోతున్నాం. నదికి అడ్డంగా కట్టిన ఆ రాతి గోడ మీదినుంచి నీళ్ళు దూకే చప్పుడు దగ్గరవుతోంది. తెడ్డు లేదు. సాయప్ప ముఖంలో నవ్వు పోయింది. అరచేతులతో నీళ్ళు తోయమన్నాడు. తోశాం. గాలి ముందు మా చేతులెంత! అప్పుడు వినబడింది ఒడ్డునుంచి మామూ అరుపు. ఎవరో యూనిట్‌కు పోయి చెప్పారట. బండల పొడితో ఒళ్ళంతా తెల్లగా, సైకిల్‌ను అట్లే పడేసి, చెప్పులతోనే నీళ్ళలోకి దిగాడు. ఛాతీ లోతు, మెడ లోతు దాకా వచ్చి అంచును అందుకున్నాడు.

"అమ్మా! ఏం చేస్తున్నవ్ నువ్వు?"

"అరవకు గౌస్" అన్నది నానీ, చేప మీదినుంచి తల ఎత్తకుండా. "చేప బెదురుతది."

మామూ లాగుతుంటే సాయప్ప కూడా దూకి తోశాడు. ఒడ్డు చేరాం. నానీ నేల మీద కాలు పెట్టి రెండడుగులు వేసి, కళ్ళు తిరిగి ఎడమకు తూలింది, కుడికి తూలింది. మామూ గబుక్కున ఆమెను పట్టుకుంటే, ఆమె అతని తడిసిన చొక్కాలో మొహం పెట్టి నవ్వుతోంది. అతను ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత గడ్డి మీద కూలబడి, తల పట్టుకొని, తనూ నవ్వాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు సరిగా తెలియలేదు.

ఆ సాయంత్రం చింతపండు పులుసులో కొర్రమట్ట ఉడుకుతుంటే సాయప్ప కూడా మా గుమ్మంలోనే కూర్చున్నాడు. నానీ రెండు జొన్న రొట్టెలు తిని, మూడో దానికి చేయి చాపింది. మామూ నావైపు చూశాడు. ఈసారి ఏమీ అడగలేదు. తర్వాతి శుక్రవారం ఆమె మళ్ళీ వెళ్ళింది, ఆ పై శుక్రవారం కూడా. ఆరోగ్యం కుదిరినంత కాలం వెళ్ళింది. ఇంటికి వస్తూ గుమ్మంలో ఆగి, "హాయ్ అల్లా, ఎంత కష్టం!" అని నిట్టూర్చి గోడకు జారగిలబడేది. మామూ గొణుక్కుంటూ నూనె వేడిచేసేవాడు. నేను డిగ్రీలో చేరాలని ఆమే పట్టుబట్టింది. "పిల్లకేం కావాలో పిల్లనే అడుగుండ్రి" అని అమ్మానాన్నలకు కబురు పెట్టింది. నన్ను అడిగారు. చెప్పాను. ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను.

ఇప్పుడు నాకు అప్పటి నానీ వయసు. మొన్న ఆ ఊరినుంచి వస్తూ నది చూశాను. ఇసుక తోడిన చోట గుంటలున్నాయి, కత్వ పక్కన కొత్త చెక్‌డ్యాం లేచింది, పుట్టి ఒక్కటీ లేదు. థర్మాకోల్ తెప్పల మీద వలలు వేస్తున్నారు. ఆ రోజుల్లో పెద్దవాళ్ళు సంతోషాన్ని దొంగసొత్తులా దాచుకొని, అలసటను మాత్రం అందరికీ చూపేవారు. మా ఇంట్లో ఇప్పుడు తలా ఒక ఫోనుంది. ఎవరెక్కడ నవ్వినా నిమిషంలో ఫొటో వస్తుంది. ఎవరెక్కడ అలిసిపోయారో మాత్రం తెలియడం లేదు. ఏది మేలో చెప్పలేను. నానా ఒక్కసారి అడిగి ఉంటే, నానీ ఒక్కసారి చెప్పి ఉంటే నలభై ఏళ్ళ శుక్రవారాలు ఇద్దరివీ అయ్యేవి. అది తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. ఆ వెంటనే తెడ్డు తేలుకుంటూ పోవడం గుర్తొచ్చి, ఒంటరిగా వంటింట్లో నిలబడి నవ్వుకుంటాను.

ఇదంతా రాయడం అయ్యాక నిన్న లక్ష్మికి ఫోన్ చేశాను. మీవాళ్ళ తెప్ప మీద నన్నొకసారి నది మీదికి తీసుకుపోతారా అని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, "దానికేంది అమ్మా, తప్పక రా. కానీ ఇప్పుడు గాలి మస్తున్నది. పది రోజులైతే తగ్గుతది, అప్పుడు రా" అన్నది.

"వద్దు బిడ్డా," అన్నాను, "రేపే వస్త."